నువ్వు అనే హక్కు

"మేడమ్, పాపం అంటే సిన్ అని చెప్పారు కదా. మరి మీ పక్కింటావిడ నన్ను చూసి 'అయ్యో పాపం, అంత దూరం నుంచి వచ్చిందా' అన్నారు. నేనేం పాపం చేశాను?"

దాదాపు ఇరవై ఏళ్ళ కిందట, ఒక సాయంత్రం మా ఇంటి వరండాలో చాప మీద కూర్చుని ఒక మిజో అమ్మాయి నన్నడిగిన ప్రశ్న ఇది. నేను నవ్వాను. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. చేసినవాడి తప్పుకీ, చూసేవాడి జాలికీ మన భాషలో ఒకటే మాట ఎందుకుందో అంతవరకూ నేనెప్పుడూ ఆలోచించలేదు. తెలుగులో ఎమ్మే చేసి, కాలేజీలో పదేళ్ళుగా పాఠాలు చెబుతున్నదాన్ని.

ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయను. వాళ్ళ చర్చి ఆమెను మన ఏజెన్సీ గ్రామాల్లో పని చెయ్యడానికి పంపింది. అంతకు ముందు ఎనిమిది నెలలు తెలుగు నేర్చుకోవాలి, మన పద్ధతులు తెలుసుకోవాలి. తెలిసినవాళ్ళెవరో నా పేరు చెప్పారు. వారానికి నాలుగు సాయంత్రాలు. ఫీజు తీసుకున్నాను, ఆ సంగతి దాచను.

కాలేజీలో నా స్నేహితురాలు, చాలా ఉద్యమాల్లో నాతో కలిసి నడిచిన మనిషి, ఈ సంగతి విని మొహం చిట్లించింది. "మతం మార్చడానికి వచ్చినవాళ్ళ చేతికి మన భాష ఇవ్వడమేమిటి? నువ్వు స్త్రీవాదివి, పైగా తెలుగు లెక్చరర్‌వి" అంది. ఆమెకి నేనేమీ చెప్పలేదు. మా నాయనమ్మ ముప్పై ఏళ్ళు బైబిల్ స్త్రీగా పనిచేసిందని చెప్పలేదు. కాలేజీ రిజిస్టర్లో ఉన్న నా పేరు ఒకటి, మా పల్లెలో నన్ను పిలిచే పేరు ఇంకొకటి అని కూడా చెప్పలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను షెడ్యూల్డు కులాల జాబితాలోకి రానివ్వలేదు. అందువల్ల మాలాంటి ఎన్నో ఇళ్ళలో పిల్లలకి బడి కోసం ఒక పేరు, గుడి కోసం ఒక పేరు. నేను చర్చికి వెళ్ళడం మానేసి చాలాకాలమైంది. కానీ ఆ రెండో పేరుని మానెయ్యలేదు.

స్నేహితురాలి ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. అది మతం గురించిన ప్రశ్న కాదని తర్వాత్తర్వాత అర్థమయింది. ఒక మనిషిని మార్చాలన్న ఉద్దేశంతో ఆ మనిషి భాష నేర్చుకోవడం న్యాయమేనా? మార్చాలని ముందే నిశ్చయించుకుని వచ్చిన చెవికి ఎదుటివాళ్ళ మాట నిజంగా వినపడుతుందా?

చరిత్రలోకి చూస్తే ఈ నేర్చుకోవడం మనకి కొత్త కాదు. 1805లో లండన్ మిషన్ తరఫున విశాఖపట్నం వచ్చిన క్రాన్, డి గ్రాంజ్‌లు తెలుగు నేర్చుకుని సువార్తలను అనువదించే పనిలో పడ్డారు. వాళ్ళకి సాయపడిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి పేరు చరిత్రలో నిలిచింది. మచిలీపట్నంలో పనిచేసిన ఆర్డెన్ 1873లో తెలుగు వ్యాకరణం రాశాడు. కొత్తగా వచ్చే దొరలు దాన్ని పట్టుకుని అక్షరాలు దిద్దారు. 1883లో గుంటూరు వచ్చిన ఆనా కుగ్లర్ చదివింది డాక్టరీ. అయినా ఆమెను పంపినవాళ్ళు మొదట నియమించింది జెనానా పనికి, అంటే ఘోషాలో ఉన్న ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చదువు చెప్పే పనికి. ఆమె ఆసుపత్రి గుంటూరులో 1898లో గానీ తెరుచుకోలేదు. ఈ దొరసానులకి కడుపునొప్పి, ముట్టు, పురుడు, పాలు చేపడం లాంటి మాటలు ఏ మున్షీ నేర్పి ఉంటాడు? పుస్తకాల్లో లేని ఆ తెలుగు ఆడవాళ్ళే నేర్పి ఉండాలి. ఆనందరాయర్ పేరు దొరికినట్టు వాళ్ళ పేర్లు మనకి దొరకవు.

ఇంకో పుస్తకం సంగతి కూడా చెప్పాలి. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఒంగోలు మిషన్‌లో పనిచేసిన మనిషి. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీదా, స్త్రీల హక్కుల మీదా పరిశోధన చేసి బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తీసుకుంది. ఆ పుస్తకం 1898లో అచ్చయింది. మరుసటి ఏడే, 1899లో, మాదిగల జీవితాల మీద ఆమె పుస్తకం వచ్చింది. చెప్పులు కుడుతూ చెప్పుకున్న కథలు అన్న అర్థం వచ్చే పేరు దానికి. అందులో మా వాళ్ళ మాటలున్నాయి, జ్ఞాపకాలున్నాయి. ఒంగోలు ప్రాంతపు క్రైస్తవ ఉద్యమానికి మూలపురుషుడనదగ్గ ఎర్రగుంట్ల పేరయ్యకి అంతకుముందు రాజయోగం నేర్పిన గురువు ఒక స్త్రీ అనీ, ఆమె బండికట్ల వీరమ్మ అనీ మనకి తెలుస్తున్నది ఈ దంపతుల రాతల వల్లే. దొరసాని తెలుగు నేర్చుకోకపోతే వీరమ్మ పేరు మనకి దక్కేదా? అదే దొరసాని పుస్తకం అట్ట మీద మమ్మల్ని 'పరయా తెగ' అంది. ఈ రెండూ నిజమే. ఒకదాన్ని ఒప్పుకోవడానికి రెండోదాన్ని చెరిపేయనక్కర్లేదని నాకనిపిస్తుంది.

మళ్ళీ మా వరండాకి వస్తాను.

నాలుగో నెలలో 'నువ్వు, మీరు' పాఠం వచ్చింది. పెద్దవాళ్ళని, కొత్తవాళ్ళని 'మీరు' అనాలి, చిన్నవాళ్ళని, దగ్గరివాళ్ళని 'నువ్వు' అనొచ్చు అని చెప్పాను. ఆమె బుద్ధిగా రాసుకుంది. వారం తర్వాత నోటుబుక్కు తెరిచి వరసగా అడిగింది. "పక్కింటి అంకుల్ ఆంటీని నువ్వంటున్నారు, ఆంటీ ఆయన్ని మీరంటున్నారు. వాళ్ళిద్దరూ దగ్గరివాళ్ళు కారా? రోడ్డు ఊడ్చే ముసలావిడని మీ కాలేజీ అబ్బాయి 'ఏమే' అన్నాడు. ఆమె పెద్దది కాదా?" నా దగ్గర జవాబుంది, నోరు పెగల్లేదు. వ్యాకరణమని నేను చెప్పింది మర్యాద. ఆమె చెవికి వినిపించింది కులం, మగతనం. ఉన్న భాష నేర్పాలా, ఉండాల్సిన భాష నేర్పాలా?

ఆ తర్వాత ఆమె అడిగినదానికి నిజంగానే తడబడ్డాను. "మీరు ఫోన్లో మీ అమ్మగారితో మాట్లాడే తెలుగు వేరేగా ఉంది. నాకు అది ఎందుకు నేర్పడం లేదు?"

ఏం చెప్పను? ఇంటర్ చదవడానికి ఊరు దాటి వచ్చినప్పుడు నేను 'యాడికి', 'ఏంది', 'అట్టా' అంటే హాస్టల్లో నవ్వేవాళ్ళు. రెండేళ్ళలో ఆ మాటలన్నీ మూటగట్టి మా ఇంట్లో దాచేశాను. వాళ్ళ మధ్య బతకడానికి వాళ్ళ భాష, వాళ్ళ పద్ధతులు నేర్చుకున్నాను. ఆ అమ్మాయి చేస్తున్న పని నేనూ చేశాను. తేడా ఏమిటంటే, ఆమె ఎవరినో మార్చడానికి నేర్చుకుంటోంది, నేను నన్ను మార్చుకోడానికి నేర్చుకున్నాను. నా స్నేహితురాలు భయపడిన మతమార్పిడి కంటే ముందే నా మీద భాషామార్పిడి జరిగింది. ఎవరూ దానికి అభ్యంతరం చెప్పలేదు, పట్టా ఇచ్చి సత్కరించారు.

ఒకరోజు కాస్త కటువుగానే అడిగాను. "వాళ్ళని మార్చాలనేగా నువ్వు వెళ్తున్నది. వాళ్ళ పాటలూ కథలూ ఎందుకు నేర్చుకుంటావు, వల వెయ్యడానికేనా?" ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ళ కొండల సంగతి చెప్పింది. 1894లో లోరెయిన్, సావిడ్జ్ అనే ఇద్దరు దొరలు వచ్చి వాళ్ళ భాషకి రోమన్ లిపిలో రాత కుదిర్చారు. 1898లో వ్యాకరణం, నిఘంటువు అచ్చయ్యాయి. మొదట్లో చర్చిలోకి డోలు రానివ్వలేదు. ఇప్పుడు డోలు లేకపోతే వాళ్ళకి ఆరాధనే లేదు. "మా ముత్తవ్వ మారింది. అది తన ఇష్టమేనా అని నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. మీరు అడుగుతున్నారు. మరి మీ నాయనమ్మగారిని అడిగారా?"

అడగలేదు. నాయనమ్మకి అప్పటికి ఎనభై దాటాయి. ఆమె దగ్గర కథలు వినడమే కానీ ప్రశ్న అడగడం నాకు తోచలేదు. దసరా సెలవుల్లో ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని మా పల్లెకి వెళ్ళాను.

నాయనమ్మ మంచంలో కూర్చుని ఆ పిల్లని పైనుంచి కిందికి చూసింది. "యా ఊరు మీది?" అంది. ఆ అమ్మాయి చేతులు కట్టుకుని, నేను నేర్పిన తెలుగులో "నమస్కారమండీ, మీరు బాగున్నారా?" అంది. నాయనమ్మ ఉన్న నాలుగు పళ్ళూ కనపడేలా నవ్వింది. దొరసాని సంగతి అప్పుడు బయటికి వచ్చింది.

స్వాతంత్ర్యానికి ముందు మాట. భర్త పోయి, ఇద్దరు పిల్లలతో ఉన్న నాయనమ్మని కాంపౌండులో పనికి పిలిచారు. కొత్తగా వచ్చిన ఒక దొరసానికి తోడుండాలి, తెలుగు పలకడం అలవాటు చెయ్యాలి. పొద్దున మున్షీ వచ్చి పుస్తకంలో తెలుగు చెప్పేవాడు, సాయంత్రం నాయనమ్మ నోటి తెలుగు. "నన్ను పుట్టినకాణ్ణించీ ఒసే, ఏమే అన్నోళ్ళే గానీ మీరు అన్నోళ్ళు లేరు. దొరసానమ్మ 'మీరు కూర్చోండి' అంటే నా ఎనకమాల ఎవురన్నా పెద్దోళ్ళు వొచ్చారేమో అని తిరిగి చూశా."

మొదటిసారి ఆ దొరసాని పల్లెలో ఆడవాళ్ళ ముందు నిలబడి, "మీరందరూ పాపం" అందట. పాపులు అనబోయి అలా అంది. ఆడవాళ్ళు చెంగులతో కళ్ళు తుడుచుకుని, "అవునమ్మా, పాపమే మా బతుకు, ఇన్నాళ్ళకి నువ్వన్నా అన్నావు" అన్నారట. నాయనమ్మ ఇది చెప్పి మళ్ళీ నవ్వింది. మిజో అమ్మాయి నవ్వలేదు. నోటుబుక్కు మూసి పక్కన పెట్టింది.

"తర్వాత ఆమెకి భాష బాగా వచ్చిందా నాయనమ్మా?"

"బాగా వొచ్చింది. మన మాదిరే మాట్లాడేది."

"అప్పుడు నిన్నేమని పిలిచేది?"

నాయనమ్మ కాసేపు ఆగి, "బాగా వొచ్చినాక నువ్వు అన్నది" అంది. "మున్షీ చెప్పుంటాడు, ఈళ్ళని మీరనగూడదమ్మా అని. ఆమె తప్పేముంది, నేర్చుకునింది."

అప్పటినుంచీ ఆ మాట నాలో తిరుగుతూనే ఉంది. భాష సరిగా రానన్నాళ్ళూ ఆ దొరసాని మా నాయనమ్మకి తెలియకుండానే గౌరవం ఇచ్చింది. భాష పూర్తిగా వచ్చాక, మన సంస్కృతి బాగా వంటబట్టాక, ఆ గౌరవం తీసేసుకుంది. స్థానిక సంస్కృతిని గౌరవించడం అన్న మాట ఇవాళ మిషన్ల శిక్షణలోనూ వినిపిస్తుంది, మన సెమినార్లలోనూ వినిపిస్తుంది. ఎవరి సంస్కృతిని? అది చెప్పేది మున్షీయా, నాయనమ్మా? 1606లో మధురై వచ్చిన రాబర్ట్ డి నొబిలి తమిళం, సంస్కృతం, తెలుగు కూడా నేర్చుకున్నాడు. కాషాయం కట్టి, శాకాహారం తిని, బ్రాహ్మణ సన్యాసిలా బతికాడు. ఇతరుల సంస్కృతిని అంత శ్రద్ధగా నేర్చుకున్నవాళ్ళు తక్కువ. ఆ శ్రద్ధలో భాగంగానే అంటరానివాళ్ళకి దూరంగా ఉన్నాడు. రెండున్నర శతాబ్దాల తర్వాత 1866లో ఒంగోలు వచ్చిన జాన్ క్లౌకి పరీక్ష ఇంకోరకంగా ఎదురయింది. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పై కులాల వాళ్ళు చెప్పారు. ఆయనా, మొదటి భార్య హారియెట్టూ మాదిగల వైపే ఉన్నారు. ఊరి మర్యాద తెలియని దొర అని పెద్దలు అనుకునే ఉంటారు. నాకు మాత్రం ఆ తెలియకపోవడమే నచ్చుతుంది.

ఆ దొర కూడా ఏమీ అడక్కుండా చేర్చుకోలేదు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు అన్నాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళు మోసపోయారనేవాళ్ళున్నారు, కరువులో గంజి కోసం వచ్చారనేవాళ్ళున్నారు. ఆ ఏటి ముందు రెండేళ్ళు ఘోరమైన కరువు, నిజమే. అయితే పేరయ్య క్లౌ కంటే ముందే వెతుకుతున్నాడు, వీరమ్మ దగ్గర కూర్చున్నాడు. తమకి కావలసింది తామే వెతుక్కున్న మనుషులను వలలో పడ్డ చేపలంటే, అది కూడా వాళ్ళని 'ఏమే' అనడమే కదా?

ఉద్దేశంతో భాష నేర్చుకోవడం మిషనరీల సొత్తేమీ కాదని కూడా ఒప్పుకోవాలి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఆయన మతం ఇవ్వాలనుకోలేదు గానీ బడి ఇవ్వాలనుకున్నారు. అదీ ఒక మార్పే. ఇక మన సంగతి? వయోజన విద్య వాచకాలు రాసినప్పుడు, స్త్రీ సంఘాల సమావేశాలకి వెళ్ళినప్పుడు, పరిశోధన కోసం టేప్‌రికార్డరు పట్టుకుని పల్లెలకి వెళ్ళినప్పుడు మనం పల్లె యాస పట్టుకోవడానికి ప్రయత్నించలేదా? వాళ్ళని చైతన్యవంతులను చెయ్యాలనే కదా వెళ్ళాం. నా ఎంఫిల్ కోసం పాటలు చెప్పిన ఇరవై ఆరుగురు ఆడవాళ్ళ పేర్లు అనుబంధంలో చిన్న అక్షరాల్లో ఉన్నాయి. అట్ట మీద నా పేరే ఉంది.

కాబట్టి మార్చాలనుకోవడమే తప్పని నేననలేను. అంటే నెల్లూరు ఆడవాళ్ళు గుర్తొస్తారు. 1991-92లో సాక్షరతా వాచకంలోని ఒక పాఠం చదివి దూబగుంట స్త్రీలు సారా కొట్టు మూయించారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అక్షరాలు నేర్పించిన ప్రభుత్వమే సారా వేలంపాటలూ పాడించేది. ఆ చదువు తన మీదికే తిరుగుతుందని అది అనుకోలేదు. నేర్పినవాళ్ళ ఉద్దేశం దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఆగిపోరు. నేను వెతుకుతున్న గీత ఇక్కడెక్కడో ఉంది. ఎదుటివాళ్ళు మన మాటని తమకి కావలసిన చోటికి తిప్పుకుంటే ఒప్పుకోగలమా? వద్దంటే లేచి రాగలమా? వాళ్ళు మనని మార్చబోతే కూర్చుని వినగలమా? ఈ మూడింటికీ సిద్ధపడకుండా ఎవరి భాష నేర్చుకున్నా, అది వాళ్ళ ఇంటి తాళంచెవికి మారుతాళం చేయించుకోవడమే.

ఆ సాయంత్రం నాయనమ్మని ఎట్టకేలకు అడిగాను. "ఎందుకు చేశావు ఆ పని, ముప్పై ఏళ్ళు?"

"నాకు చదవడం వొచ్చింది గదా. పెద్ద ఇళ్ళల్లో ఆడోళ్ళు తలుపుచాటున కూర్చోని నా చేత చదివిచ్చుకునేవోళ్ళు. లోపలికి రానిచ్చేవోళ్ళు గాదు, వసారాలోనే. అయినా నా మాట ఇన్నారు. మొగుడు కొట్టిన సంగతులు నాకే చెప్పుకోని ఏడ్చేవోళ్ళు. నేను వాళ్ళని పాపం అనుకున్నా."

"దేవుడి కోసం కాదా?"

"దేవుడు యాడికి బోతాడు, ఉండాడు. నువ్వడిగింది నా సంగతి గదా."

వెళ్ళేముందు మిజో అమ్మాయి నాయనమ్మ చెయ్యి పట్టుకుని, "మీరు నా కోసం ప్రార్థన చెయ్యండి" అంది. నాయనమ్మ ఆమె బుగ్గ మీద చిన్నగా తట్టింది. "ఏంది మీరు? నాయనమ్మని ఎవురన్నా మీరంటారా? నాయనమ్మా, నువ్వు అను."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. ఇది ఏ నియమం కిందికి వస్తుందో అడగబోతోందనుకున్నాను. అడగలేదు. "నాయనమ్మా, నువ్వు జాగ్రత్త" అంది.

అరవై ఏళ్ళ కిందట ఒక తెల్ల మనిషి నోట దిగజార్చిన అదే మాట, ఆ సాయంత్రం ఆమెను పెద్దదాన్ని చేసింది. మాట ఒకటే. మొదటిసారి దాన్ని మున్షీ ఇప్పించాడు, రెండోసారి నాయనమ్మే ఇచ్చింది. నువ్వు అనే హక్కు అనేవాళ్ళది కాదు, అనిపించుకునేవాళ్ళది. నా స్నేహితురాలికి నేనివ్వగలిగిన జవాబు ఇంతే. ఆలస్యంగానైనా ఆమెకి చెప్పాను, నా రెండో పేరుతో సహా. ఆమె ఇప్పటికీ నాతో పూర్తిగా ఏకీభవించదు.

ఆ అమ్మాయి ఏజెన్సీకి వెళ్ళిపోయింది. ఏడాది తర్వాత ఒక కార్డు రాసింది. అక్కడ తెలుగు సరిపోవడం లేదనీ, మళ్ళీ మొదటినుంచీ ఇంకో భాష నేర్చుకుంటున్నాననీ, ఒక ముసలావిడ రోజూ తప్పులు దిద్దుతోందనీ రాసింది. ఆ ముసలావిడ పేరు కూడా రాసింది. ఎంతమందిని మార్చిందో రాయలేదు, నేనూ అడగలేదు.

నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు స్టాఫ్‌రూములోంచి బయటికి వెళ్ళడం మానేశాను. "యాడుండావు మా?" అని అందరి ముందే అడుగుతున్నాను.